ఆరేళ్ళలోపు పిల్లలకు చదువు చెప్పే వృత్తి

మూడేళ్ళు నిండిన దగ్గర నుంచి ఒకటో తరగతిలో చేరేదాకా పిల్లలకు ఇంటి బయట ఒక పద్ధతి ప్రకారం అందే చదువును పూర్వ ప్రాథమిక విద్య అంటారు. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ వరకు సాగే పోషణ, ఆరోగ్యం, ఆలనాపాలనలను కూడా దీనితో కలిపి చూసినప్పుడు విద్యావేత్తలు ఆ మొత్తాన్ని శైశవ సంరక్షణ, విద్య అని వ్యవహరిస్తారు. తెలుగు రాష్ట్రాలలో ఈ పని చేసేవారిలో ఎక్కువమంది అంగన్‌వాడీ టీచర్లు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉండగా, ప్రైవేటు బడులలో నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు చూసే ఉపాధ్యాయినులు, పట్టణాలలోని ప్లేస్కూళ్ళలో, క్రెష్‌లలో పనిచేసేవారు వీరికి అదనం. ఇంతమంది చేస్తున్న ఈ పనిని సమాజం ఇప్పటికీ ‘పిల్లల్ని ఆడించడమే కదా’ అన్న మాటతో తేల్చివేస్తూనే ఉంది. ఆ ఆటలో ఏమి జరుగుతోందో చూడగలగడమే ఈ వృత్తికి ప్రాణమనీ, అది నేర్చుకుంటే తప్ప రాదనీ ఇందులోకి రాదలచినవారు మొదటే గ్రహించాలి.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానం పేర్కొన్నది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు గల ఐదేళ్ళను, అంటే పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ళను, ఒకటి, రెండు తరగతులను కలిపి ‘పునాది దశ’ అని ఒకే దశగా ప్రకటించింది కూడా ఆ విధానమే. అయితే ఈ 85 శాతం అన్న మాటను చాలామంది తల్లిదండ్రులు, కొన్ని బడుల యాజమాన్యాలు అపార్థం చేసుకుని, మెదడు అంత వేగంగా ఎదుగుతున్నప్పుడే వీలైనన్ని అక్షరాలు, అంకెలు అందులోకి ఎక్కించాలని తొందరపడుతుంటారు. నిజానికి ఆ వయసులో నాడీకణాల మధ్య బంధాలు గట్టిపడేది బిడ్డ ఏదైనా చేసినప్పుడు, అన్నప్పుడు, చూపించినప్పుడు ఎదుట ఉన్న పెద్దవారు దానికి స్పందించడం వల్ల, ఆ స్పందనకు బిడ్డ మళ్ళీ బదులివ్వడం వల్ల. నలభైమందిని వరుసగా కూర్చోబెట్టి ఒకే పాఠాన్ని అందరిచేతా గొంతెత్తి పలికించే గదిలో ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడానికి చోటే ఉండదు.

లెక్కను ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే నాలుగేళ్ళ పాప ముందు ఏడు చింతగింజలు పోసి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే, ఆమె ఒక గింజను రెండుసార్లు తాకవచ్చు, మరొకదానిని వదిలివేయవచ్చు, లేదా సరిగ్గానే లెక్కించి కూడా ‘మొత్తం ఎన్ని?’ అని అడిగేసరికి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టవచ్చు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకెను జతచేయడం, అంకెల వరుస ఎప్పుడూ మారకపోవడం, చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని గ్రహించడం అనే మూడూ వేర్వేరు మెట్లు కాగా, అప్పజెప్పడం వాటిలో ఒక్కదానికి మాత్రమే సాక్ష్యం. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాఁ పియాజే రెండు నుంచి ఏడేళ్ళ మధ్య వయసును ఒక ప్రత్యేక దశగా గుర్తించి, ఆ వయసు పిల్లలు కంటికి కనబడేదానినే నమ్ముతారని చూపాడు. రెండు వరుసలలో సమానంగా పేర్చిన గింజలలో ఒక వరుసను దూరదూరంగా జరిపితే, పిల్లల కళ్ళముందే జరిపినా సరే, ఆ వరుసలోనే ఎక్కువ గింజలున్నాయని చాలామంది పిల్లలు చెబుతారు. ఇది తెలివితక్కువతనం కాదని, ఎదుగుదలలో సహజంగా వచ్చే ఒక మజిలీ అని తెలిసిన ఉపాధ్యాయిని ‘తప్పు’ అనదు. గింజలను పంచిపెట్టించి, జతలు కలిపించి, దగ్గరకు దూరానికి మార్చి మార్చి పేర్పించి, ఆ బిడ్డ చేతులతోనే, పేర్చిన తీరు మారినా సంఖ్య మారదన్న గ్రహింపుకు దారి చూపుతుంది.

రాత సంగతి ఇంతకంటే సున్నితమైనది. మణికట్టులోని చిన్న ఎముకలు పుట్టుకతో మెత్తని మృదులాస్థిగానే ఉండి, సంవత్సరాల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పలకబలపాన్ని అదుపుగా పట్టుకునే ఒడుపు చాలామందికి నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య క్రమంగా వస్తుంది. గుండ్రని మలుపులు, తలకట్లు, గుడులు, కొమ్ములతో నిండిన తెలుగు లిపి ఆ చిన్న చేతిని చాలా సున్నితమైన కదలికలు అడుగుతుంది. ప, వ, మ వంటి అక్షరాల మధ్య తేడా అంతా ఒక చిన్న గీతలోనో వంపులోనో ఉంటుంది. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం, ఇసుకలో వేలితో గీయడం, ముగ్గు చుక్కలు కలపడం వంటి పనులకు అంగన్‌వాడీలోనూ నర్సరీలోనూ గంటలకు గంటలు కేటాయించేది ఇందుకే. ఆ పనులు చేయించకుండా మూడున్నరేళ్ళ బిడ్డ చేత నోటుపుస్తకంలో పేజీలకొద్దీ అక్షరాలు దిద్దించడం వల్ల చేయి అలసిపోతుంది, బలపం పట్టు తప్పుగా స్థిరపడుతుంది, చదువంటే అయిష్టం ముందే మొలకెత్తుతుంది. అక్షరాభ్యాసం మన ఇళ్ళలో పవిత్రమైన వేడుక. బాసర సరస్వతీ ఆలయానికి పిల్లలను ఎత్తుకుని వెళ్ళే కుటుంబాల శ్రద్ధను ఏ ఉపాధ్యాయినీ తక్కువ చేయకూడదు. ఆ వేడుక జరిగిన మర్నాటి నుంచే బిడ్డ రాయాలన్న ఆత్రానికి మాత్రం ఆమె ఓపికగా సమాధానం చెప్పగలగాలి.

చదవడానికి పునాది కంటితో కంటే ముందు చెవితో పడుతుంది. మాటను చిన్నచిన్న ధ్వనులుగా విడదీసి వినగలగడాన్ని ధ్వని స్పృహ అంటారు. ‘కమలం’ అన్న మాటకు మూడుసార్లు చప్పట్లు కొట్టడం, ‘అమ్మ’, ‘అల’, ‘అరటి’ ఒకే ధ్వనితో మొదలవుతున్నాయని గుర్తుపట్టడం, ప్రాస కుదిరిన మాటను తామే కల్పించి నవ్వుకోవడం ఈ స్పృహకు గుర్తులు. తెలుగువారి ఇళ్ళలో చెమ్మచెక్క, ఒప్పులకుప్ప వంటి ఆటలకు తోడుగా సాగే పాటలు, పొడుపుకథలు, ఉయ్యాల పాటలు ఈ పనిని తరతరాలుగా చేస్తూ వచ్చాయి. ‘రేడియో అన్నయ్య’గా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, ‘రేడియో అక్కయ్య’ కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో ప్రారంభించిన బాలానంద సంఘం పాటకు, ఆటకు, నాటికకు పిల్లల చదువులో పెద్దపీట వేసింది. ఈ సంపద నేటి ఉపాధ్యాయినికి చేతికందే దూరంలో ఉంది. అయినా ఎన్నో ప్రైవేటు నర్సరీలలో అర్థం తెలియని ఇంగ్లీషు గేయాలను చేతులు ఊపుతూ పలికించడమే పాట నేర్పడంగా చెలామణి అవుతున్నది. ఆ గేయాలలో దోషమేమీ లేదు. వాటికి చోటివ్వడం కోసం బిడ్డకు తెలిసిన భాషలోని ధ్వనులను పక్కకు నెట్టడంలో ఉంది నష్టమంతా.

ఇక ఆట. నాలుగైదు కుర్చీలు వరుసగా వేసుకుని పిల్లలు ఆర్టీసీ బస్సు ఆట మొదలుపెట్టారనుకుంటే, కండక్టరైన బిడ్డ పరుగెత్తాలనిపించినా ఆగి టికెట్లు ఇవ్వాలి, డ్రైవరు లేచి వెళ్ళకూడదు, దిగవలసిన ఊరు వచ్చేదాకా ప్రయాణికులు కూర్చోవాలి. పాత్రకు తగిన నియమానికి కట్టుబడటం కోసం పిల్లలు తమ కోరికను తామే అదుపులో పెట్టుకుంటారనీ, అందువల్ల ఆటలో బిడ్డ తన వయసును మించి ప్రవర్తిస్తాడనీ రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ వివరించాడు. ఒంటరిగా చేయలేనిది, కాస్త సాయం దొరికితే చేయగలిగేది అయిన పరిధిని ఆయన ‘సమీప వికాస మండలం’ అన్నాడు. ఉపాధ్యాయిని నైపుణ్యమంతా ఈ పరిధిని కనిపెట్టడంలోనే ఉంది. ఆమె ఆ బస్సు ఆటలోకి ప్రయాణికురాలిగా చేరి, ఈ బస్సు ఏ ఊరికి వెళుతుందని అడగవచ్చు, మూడు చుక్కలున్న టికెట్టుకు మూడు గవ్వలు ఇవ్వాలన్న నియమం ప్రతిపాదించవచ్చు, తగవు వచ్చినప్పుడు తీర్పు చెప్పకుండా ఇద్దరి మాటా ఒకరికొకరు వినేలా చేయవచ్చు. ఆట తనంతట తాను బాగా సాగుతున్నప్పుడు ఏమీ చేయకుండా పక్కన కూర్చుని చూడటం కూడా ఆమె పనే. కొత్తగా చేరినవారికి అన్నిటికంటే కష్టమైనది ఇదేనని చెప్పాలి. ఏమీ చేయకుండా కూర్చుంటే పని ఎగ్గొట్టినట్టు కనబడుతుందేమోనన్న భయంతో వారు ఆటను మధ్యలో ఆపి పాఠం మొదలుపెడతారు.

ఈ అవగాహన ఒక్కరోజులో వచ్చినది కాదు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం సంస్థ నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టాడు. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని కార్మికవాడలో తన మొదటి బాలల గృహాన్ని తెరిచింది. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, రెండవ ప్రపంచ యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి వందలాదిమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అంతకుముందే 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం ప్రారంభించి, మాంటిస్సోరి పద్ధతిని భారతీయ ఇంటికి, కథకు, జానపద గేయానికి దగ్గర చేశాడు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ మరొక అడుగు ముందుకు వేసి, ఖరీదైన సామగ్రితో పట్టణాలకే పరిమితమైన ఈ విద్యను మహారాష్ట్ర తీరంలోని బోర్డీ, ఆ తర్వాత కోస్‌బాడ్ ప్రాంతపు ఆదివాసీ గూడేలకు తీసుకువెళ్ళింది. పిల్లలు బడికి రాలేకపోతే బడే వారి వాకిట్లోకి వెళ్ళాలన్న ఆమె ఆలోచన నుంచి పుట్టినదే అంగన్‌వాడీ. తెలుగునేలకు చెందిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలిగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి గ్రామాలలో బాల్వాడీలకు ఆర్థిక సాయం అందించింది. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులలో మొదలయ్యేనాటికి ఈ వారసత్వమంతా వెనుక ఉన్నది.

ఆ పథకం అంగన్‌వాడీకి ఆరు సేవలు అప్పగించింది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైనవారిని ఆసుపత్రికి పంపడం, మహిళలకు పోషణ, ఆరోగ్యాలపై అవగాహన కల్పించడం అనే ఐదింటితో పాటు పూర్వ ప్రాథమిక విద్య ఆరవది. దాదాపు 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, అందులో ఒక టీచరు, ఒక ఆయా ఉండగా, పాతిక కేంద్రాలకు అటూఇటూగా ఒక సూపర్‌వైజరు, ఆపైన ప్రాజెక్టు మొత్తానికి సీడీపీఓ అనే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి ఉంటారు. టీచరు దినచర్యను గమనిస్తే ఆరు సేవలలో చదువు ఎందుకు వెనుకబడుతుందో అర్థమవుతుంది. పిల్లలు వచ్చేసరికి గది సిద్ధం చేసుకోవాలి. గర్భిణులకు, బాలింతలకు భోజనం, పాలు, గుడ్లు లెక్క చూడాలి. ఏడు నెలల నుంచి మూడేళ్ళలోపు పిల్లల ఇళ్ళకు బాలామృతం అనే పోషకాహారపు ప్యాకెట్లు చేరాయో లేదో కనుక్కోవాలి. పిల్లల బరువు, ఎత్తు తీసి గ్రోత్ చార్టులో గుర్తించాలి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువగా ఉన్న బిడ్డ కనబడితే అది తీవ్రమైన పోషకాహార లోపానికి గుర్తు కాబట్టి వెంటనే ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్‌ఎంకు తెలపాలి. 2021 నుంచి ఈ వివరాలన్నీ ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో నమోదు కావాలి. నెట్‌వర్కు అందక ఫోను పట్టుకుని వాకిట్లో నిలబడిన ఆ అరగంటలో పిల్లలకు చెప్పవలసిన కథ ఆగిపోతుంది. కోడిగుడ్డు అందకపోతే పైనుంచి ప్రశ్న వస్తుంది, కథ చెప్పకపోతే ఎవరూ అడగరు. చదువు వెనుకబడటానికి మూలం టీచరు శ్రద్ధాలోపం కాదనీ, ఏది కొలుస్తామో దానికే సమయం దక్కే పనితీరులోనే ఉందనీ గుర్తించడం న్యాయం.

పోషణ, విద్య రెండూ కలిసే సాగాలన్న ఉద్దేశంతో కేంద్ర ప్రభుత్వం 2023లో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం ప్రారంభించి, 2024లో మూడేళ్ళలోపు పిల్లల కోసం ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ళవారి కోసం ‘ఆధారశిల’ అనే మార్గదర్శకాలు వెలువరించింది. అంతకుముందు 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం ఆటే ఈ వయసులో బోధనకు కేంద్రమని ఎటువంటి సందిగ్ధతా లేకుండా చెప్పింది. కాగితం మీద దిశ సరిగానే ఉన్నది. ఆ దిశలో నడవవలసిన మనిషికి దక్కే వేతనం సంగతి వేరు. అంగన్‌వాడీ టీచర్లకు ఇచ్చేదానిని ప్రభుత్వాలు జీతమనవు, గౌరవ వేతనమంటాయి. అది ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 11,500 రూపాయలకు, తెలంగాణలో 2021లో 13,650 రూపాయలకు చేరింది. ఆయాలకు ఇంతకంటే బాగా తక్కువ. వేతన పెంపు, గ్రాట్యుటీ వంటి కోరికలతో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజుల పాటు సమ్మె చేశారు. అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు గుజరాత్‌కు చెందిన కేసులో వచ్చినదే అయినా, దాని తర్కం దేశమంతటికీ వర్తిస్తుంది. విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షను మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు గురించి చెబుతుందనీ, ఆ పనిని అంగన్‌వాడీలే చేస్తున్నాయనీ న్యాయస్థానం పరిగణనలోకి తీసుకున్నది. వారు చేసేది బోధన అని న్యాయస్థానం గుర్తించగా, ఖజానా ఇంకా గుర్తించవలసి ఉంది.

ప్రైవేటు బడులలో చిక్కులు మరొక రకమైనవి. అక్కడ ప్రభుత్వ రిజిస్టర్ల భారం ఉండదు కానీ, తల్లిదండ్రుల ముందు ఫలితం చూపించాలన్న ఒత్తిడి ఉంటుంది. ఎల్‌కేజీకి హోంవర్కు, యూకేజీకి పరీక్షలు, మార్కుల పట్టికలు ఆ ఒత్తిడి నుంచే పుట్టాయి. రాజస్థాన్, అస్సాం, తెలంగాణ గ్రామాలలో నాలుగేళ్ళ వయసు నుంచి ఎనిమిదేళ్ళ వరకు దాదాపు 14 వేలమంది పిల్లలను అనుసరించి, 2017లో వెలువడిన భారత శైశవ విద్యా ప్రభావ అధ్యయనం ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. ఢిల్లీలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విద్యా సర్వేలు చేసే అసర్ కేంద్రం కలిసి చేసిన ఆ అధ్యయనం ప్రకారం, ఐదేళ్ళ వయసులో చాలామంది పిల్లల బడి సంసిద్ధత, అంటే ఒకటో తరగతి పాఠాన్ని అందుకోగల భాష, ఆలోచన, ప్రవర్తనల స్థాయి, ఉండవలసినదాని కంటే తక్కువగా ఉన్నది. అంగన్‌వాడీలు ఎక్కువగా ఆలనాపాలనకూ, ప్రైవేటు బడులు ఒకటో తరగతిని కిందికి దింపి చెప్పడానికీ పరిమితమై, రెండూ వయసుకు తగిన విద్యను ఇవ్వలేకపోతున్నాయి. కాబట్టి ఫీజు కట్టిన చోట చదువు, కట్టని చోట అన్నం అన్న లోకాభిప్రాయం రెండువైపులా తప్పే.

మరి మంచి పూర్వ ప్రాథమిక విద్యకు ఎంత ఫలం ఉంటుంది? అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1962 నుంచి 1967 వరకు సాగిన పెరీ ప్రీస్కూల్ ప్రయోగంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలను రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి మాత్రమే ఈ విద్యను అందించి, రెండు బృందాలనూ నలభై ఏళ్ళ వయసు దాటేదాకా గమనించారు. ఆ విద్య పొందినవారిలో చదువు పూర్తిచేసినవారు, మెరుగైన సంపాదన ఉన్నవారు ఎక్కువగా, నేరాలలో చిక్కుకున్నవారు తక్కువగా ఉన్నారని తేలింది. ఈ ఫలితాన్ని పదేపదే చెప్పే ప్రభుత్వాలు దాని వెనుక ఉన్న షరతులను మాత్రం చెప్పవు. అక్కడ పిల్లల సంఖ్య చాలా తక్కువ, ఉపాధ్యాయులు పూర్తి అర్హతలు గలవారు, వారు వారానికొకసారి ప్రతి బిడ్డ ఇంటికీ వెళ్ళి తల్లితో గంటన్నర గడిపేవారు. మన దేశపు ప్రమాణాలు కూడా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలలో ఇరవైమందికి ఒక పెద్దవారు, మూడేళ్ళలోపువారిలో పదిమందికి ఒకరు ఉండాలనే చెబుతున్నాయి. ముప్ఫైమంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది కావాలన్నది మరొక ప్రమాణం. అద్దె గదిలో నడిచే కేంద్రాన్నీ, అరవైమందితో కిక్కిరిసిన నర్సరీనీ ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే చాలు.

ఇంటి భాష, బడి భాష వేరైనచోట ఉపాధ్యాయిని బాధ్యత రెట్టింపవుతుంది. ఆదిలాబాదు గూడేలలో గోండి, కొలామి, భద్రాచలం పరిసరాలలో కోయ, శ్రీకాకుళం, మన్యం కొండలలో సవర, కువి మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చే మూడేళ్ళ బిడ్డకు తెలుగు కూడా పరాయి భాషే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక స్థాయి బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైనది ఈ గుర్తింపుతోనే. పూర్వ ప్రాథమిక స్థాయిలో దీని అవసరం మరింత ఎక్కువ. ఎందుకంటే నీళ్ళు కావాలని, కడుపు నొస్తున్నదని, భయమేస్తున్నదని చెప్పుకోలేని బిడ్డ మౌనంగా ఉండిపోతుంది, ఆ మౌనాన్ని మందబుద్ధిగా పొరబడటం చాలా సులభం. అదే గూడేనికి చెందిన మహిళ టీచరుగానో ఆయాగానో ఉన్నచోట ఈ ప్రమాదం తగ్గుతుంది. స్థానికురాలై ఉండాలన్న నియామకపు షరతులో పరిపాలనా సౌకర్యం కంటే విలువైన ప్రయోజనం ఇదే.

ఈ వయసు పిల్లలకు పరీక్ష పెట్టి తెలుసుకోగలిగేది స్వల్పం కాబట్టి, మదింపు అంతా పరిశీలన మీదనే ఆధారపడుతుంది. ‘బాగా ఆడింది’ అని రాసుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ‘కట్టెముక్కలు తొమ్మిది ఒకదానిపై ఒకటి నిలబెట్టింది, పడిపోతే ఏడవకుండా కింద పెద్దవి పెట్టి మళ్ళీ కట్టింది’ అని తేదీ వేసి రాసుకుంటే, ఆ ఒక్క వాక్యంలో చేతి అదుపు, పట్టుదల, కారణాన్ని ఊహించే శక్తి మూడూ కనబడతాయి. రోజుకు ముగ్గురు నలుగురు పిల్లల గురించి ఇలా రెండు వాక్యాలు రాసే అలవాటు ఉన్న టీచరు దగ్గర ఏడాది గడిచేసరికి ప్రతి బిడ్డ గురించి, ఏ మార్కుల పట్టికా ఇవ్వలేనంత స్పష్టమైన సమాచారం ఉంటుంది. వినికిడి లోపాన్నీ, చూపు మందగింపునూ, మాట ఆలస్యాన్నీ, కళ్ళలోకి చూడకపోవడం, పిలిస్తే పలకకపోవడం వంటి లక్షణాలనూ కుటుంబం కంటే ముందు పసిగట్టే అవకాశం కూడా ఆమెకే ఎక్కువ. ఎందుకంటే ఒకే వయసు పిల్లలు పదిహేనుమందిని పక్కపక్కన చూసేది ఆమె ఒక్కతే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు ఏటా రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి, అవసరమైనవారిని జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. ఆ బృందం ఉండేది కొద్ది గంటలే కనుక, ఏ బిడ్డను శ్రద్ధగా చూడాలో చెప్పగలిగేది టీచరే. అయితే ఆమె జబ్బు పేరు పెట్టకూడదు. తాను చూసినది చూసినట్టుగా తల్లిదండ్రులకు, వైద్యులకు చెప్పడంతో ఆమె పని పూర్తవుతుంది.

ఈ రంగంలోకి వచ్చే దారులు ఒకటి కంటే ఎక్కువే. అంగన్‌వాడీ టీచరు పోస్టుకు ఆంధ్రప్రదేశ్‌లో వెలువడే ప్రకటనలు సాధారణంగా 21 నుంచి 35 ఏళ్ళ వయసు, పదవ తరగతి ఉత్తీర్ణత, ఆ గ్రామంలోనో వార్డులోనో కాపురముంటున్న వివాహిత కావడం అడుగుతాయి. సూపర్‌వైజరు పోస్టులలో కొంత భాగం అనుభవం ఉన్న టీచర్లకు పదోన్నతిగా దక్కుతుంది. బడులలో పనిచేయాలనుకునేవారికి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి గుర్తించిన రెండేళ్ళ పూర్వ ప్రాథమిక విద్యా డిప్లొమా ఇంటర్మీడియట్ తర్వాత అందుబాటులో ఉన్న కోర్సు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో శైశవ సంరక్షణ, విద్య డిప్లొమా నడుపుతోంది. హోంసైన్సు కళాశాలలలో మానవ వికాసాన్ని చదివినవారికి శిశు మనస్తత్వంలో గట్టి పునాది దొరుకుతుంది. కొన్ని నెలల్లో ధ్రువపత్రం చేతిలో పెట్టే నర్సరీ టీచరు శిక్షణ సంస్థలు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి కానీ, చేరే ముందు ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో, అన్నిటికంటే ముఖ్యంగా పిల్లలున్న నిజమైన తరగతి గదిలో ఎన్ని వారాలు పనిచేయిస్తారో అడగడం అవసరం. పిల్లల మధ్య కూర్చోకుండా ఈ విద్య పట్టుబడదు. చట్టాల పరిచయమూ కావాలి. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణకు 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, బిడ్డపై అటువంటి నేరం జరిగిందని తెలిసినవారు తప్పనిసరిగా పోలీసులకు తెలియజేయాలి. కొట్టడం, బెదిరించడం, బాత్‌రూముకు పంపకుండా కూర్చోబెట్టడం క్రమశిక్షణ కిందికి రావని తోటి సిబ్బందికి చెప్పగల ధైర్యం కూడా ఈ ఉద్యోగానికి అర్హతే.

చేరిన తర్వాత మొదటి పరీక్ష జూన్ నెలలో ఎదురవుతుంది. మొదటిసారి తల్లిని విడిచి వచ్చిన పిల్లలు ఏడుస్తారు, ఒకరిని చూసి ఒకరు ఏడుస్తారు. తల్లి కనబడకుండా జారుకుంటే ఏడుపు త్వరగా ఆగవచ్చు కానీ, చెప్పకుండా మాయమవుతుందన్న భయంతో ఆ బిడ్డ మర్నాడు వాకిట్లోనే మొరాయిస్తుంది. మొదటి వారం తల్లినో నాయనమ్మనో కాసేపు గదిలో కూర్చోనిచ్చి, ఆ సమయాన్ని రోజురోజుకూ తగ్గిస్తూ, వెళ్ళేముందు చెప్పి వెళ్ళేలా చేయడం శ్రమతో కూడినదైనా నిలిచే పద్ధతి. ఆ కొద్ది రోజులలోనే టీచరుకు కుటుంబం పరిచయమవుతుంది. బిడ్డ దేనికి భయపడుతుందో, ఏ కూర తినదో, ఇంట్లో ఎవరి దగ్గర నిద్రపోతుందో తెలుస్తుంది. నోటుపుస్తకం ఖాళీగా ఉందని అడిగే తండ్రికి పిల్లల పనులు చూపించి, ఏ పని దేనికి దారితీస్తుందో నెలకొకసారి కూర్చోబెట్టి చెప్పగలిగితే, అక్షరాల కోసం వచ్చే ఒత్తిడి చాలావరకు సడలుతుంది.

ఏడాది చివర ఆరేళ్ళు నిండిన పిల్లలు ఒకటో తరగతికి వెళతారు. పునాది దశ ఎనిమిదేళ్ళ వరకు ఒక్కటేనని విధానం చెప్పినా, చాలాచోట్ల అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖ కింద, ప్రాథమిక పాఠశాల విద్యాశాఖ కింద ఉండటం వల్ల, ఆ బిడ్డ గురించి మూడేళ్ళుగా ఒకరికి తెలిసినదంతా రెండవవారికి చేరదు. అంగన్‌వాడీలను ప్రాథమిక పాఠశాలల ఆవరణలోకి చేర్చడం, ఆంధ్రప్రదేశ్‌లో పీపీ-1, పీపీ-2 అనే పూర్వ ప్రాథమిక తరగతులను ఒకటి, రెండు తరగతులతో కలిపి ఫౌండేషన్ స్కూళ్ళుగా నిర్వహించడం ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు. ఆవరణ ఒకటైనంత మాత్రాన అంగన్‌వాడీ టీచరును ఒకటో తరగతి ఉపాధ్యాయుడు సాటి బోధకురాలిగా చూస్తాడన్న హామీ లేదు. వేసవి సెలవులకు ముందు ఇద్దరూ ఒక పూట కలిసి కూర్చుని, ఆమె రాసుకున్న పరిశీలనలను ఒక్కో బిడ్డ పేరున చదువుకోవడానికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు, ఖర్చూ లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచరు తన మొదటి ఏడాదిలోనే ఈ ఏర్పాటును అడిగి సాధించుకోవచ్చు.